ప్రాణహిత ఇసుకలో మా ఎండాకాలం సెలవులు

మాది సిరోంచ. గడ్చిరోలి జిల్లాలో అన్నిటికంటే దక్షిణాన ఉన్న తాలూకా. పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. మా జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే 200 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. తెలంగాణకు మాత్రం నది దాటితే చాలు. బడిలో మరాఠీ చదువు, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, అడవి దారిలో గోండి కూడా. అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లలకు ఎండాకాలం సెలవులు ఎలా గడిచేవో రాసిపెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మా చెల్లెలి పిల్లలు ఈ మధ్య అడిగిన ప్రశ్నలతో ఆ పని ఇప్పటికి మొదలైంది.

ముందు సెలవుల లెక్క చెప్పాలి, ఎందుకంటే మా ఆటలన్నీ ఆ లెక్క మీదే నడిచేవి. మా మేనమామ వాళ్ళది నది అవతల చెన్నూరు. అక్కడి బళ్ళకు ఏప్రిల్ 23, 24 తేదీలకల్లా సెలవులు ఇచ్చేసేవారు. మాకు అప్పటికి పరీక్షలు అయీ కాకుండా ఉండేవి. పైగా మే 1న, మహారాష్ట్ర దినోత్సవం నాడు, బడికి వెళ్ళి జెండా వందనం అయ్యాక రిజల్టు తీసుకుంటే గానీ మాకు సెలవులు వచ్చినట్టు కాదు. మళ్ళీ వాళ్ళకు జూన్ 12కి అటూ ఇటూగా బడి తెరిచేవారు. మాకేమో విదర్భ ఎండల పుణ్యమా అని జూన్ చివరి వారం దాకా తెరిచేవారు కాదు. మిగతా మహారాష్ట్రలో జూన్ నడిమికే తెరిచినా మాకు మాత్రం ఇంకో పది రోజులు ఎక్కువ.

అంటే ఏమయ్యేదంటే, మొదట వాళ్ళు ఖాళీ, మేము బిజీ. మధ్యలో అందరం ఖాళీ. చివర్లో వాళ్ళు వెళ్ళిపోయి మేము మిగిలేవాళ్ళం. ఈ మధ్య ముక్కే మా అసలు ఎండాకాలం.

అప్పటికి వంతెనలు లేవు. చెన్నూరు నుంచి మామ పిల్లల్ని తీసుకుని అర్జునగుట్ట దాకా వచ్చేవాడు. అక్కడినుంచి ఇసుకలో నడక. వర్షాకాలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండుగా పారే ప్రాణహిత, మే నెల వచ్చేసరికి ఒక పక్కకు ఒదిగి సన్నటి పాయగా మిగిలేది. పూర్తిగా ఎండిపోవడం మాత్రం మేం చూడలేదు. వార్ధా, వైన్‌గంగ రెండూ కలిసి అయిన నది కదా, ఎంత ఎండలోనైనా ఎక్కడో ఒక పాయ పారుతూనే ఉండేది. నీళ్ళు లోతున్న చోట నాటు పడవ, తక్కువున్న చోట మూటలు నెత్తిన పెట్టుకుని నడక. మేము పొద్దున్నే ఇటు గట్టు మీద నిలబడి వాళ్ళ కోసం చూసేవాళ్ళం. తెల్లటి ఇసుక మీద చుక్కల్లా మనుషులు కనబడగానే అక్క పేర్లు పెట్టి కేకలు వేసేది. ఆ దూరానికి కేకలు అందవని తెలిసినా అందరం గొంతు కలిపేవాళ్ళం.

వాళ్ళు రాగానే కాళ్ళు కడుక్కోకముందే మొదటి పని చెలిమె తవ్వడం. ఇది తెలియని వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. పారే పాయకు రెండు మూడు బారల దూరంలో, ఇసుక కాస్త రంగు మారి తడిగా కనిపించే చోటు వెతకాలి. మరీ దగ్గరగా తవ్వితే పాయలోని నీళ్ళే నేరుగా వచ్చేస్తాయి, ఇసుకలో వడకట్టుకునే తీరిక ఉండదు. మరీ దూరమైతే మోచేయి లోతు తవ్వినా తడి తగలదు. చోటు కుదిరాక రెండు చేతులతో ఇసుక వెనక్కి తోడుతూ పోవాలి. పక్కలు జారి పూడిపోతుంటాయి కాబట్టి గుంత వెడల్పుగా మొదలుపెట్టి కిందికి సన్నగా తేవాలి. జానెడు లోతులో ఇసుక చల్లగా తగులుతుంది, ఇంకొంచెం పోతే చేతికి నీరు ఊరుతుంది. మొదట వచ్చేవి మట్టి రంగు నీళ్ళు. వాటిని దోసిలితో తోడి పారబోయాలి. మళ్ళీ ఊరుతాయి, మళ్ళీ తోడాలి. అలా తోడగా తోడగా అడుగున ఇసుక రేణువులు కూడా కనబడేంత తేటగా నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు మోదుగాకు దొప్ప చేసి ముంచుకుని తాగడమే. బయట నలభై ఐదు డిగ్రీల ఎండ కాస్తున్నా ఆ నీళ్ళు చల్లగా ఉండేవి. ఎవరి చెలిమె ముందు తేటపడుతుందని పందెం. మా చిన్న బావ ఎప్పుడూ గెలిచేవాడు, వాడికి ఇసుకను చూడగానే చోటు తెలిసిపోయేది.

ఇసుకలో ఆడుకోవడానికి రెండే వేళలు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు దాటాక. మధ్యలో ఆ ఇసుక మీద కాలు పెట్టలేం, చెప్పులున్నా వేడి పైకి కొడుతుంది. పొద్దున పూట ఈత, సాయంత్రం పూట మిగతా ఆటలు. పాదం మీద తడి ఇసుక కుప్పపోసి, చేత్తో గట్టిగా తట్టి, మెల్లగా పాదం వెనక్కి తీసి పిట్టగూళ్ళు కట్టేవాళ్ళం. పొడుగ్గా ఇసుక కట్ట పోసి అందులో చిన్న పుల్ల దాచితే, అవతలివాళ్ళు రెండు చేతులూ కలిపి ఎక్కడుందో అక్కడ మూసిపట్టాలి. దొరక్కపోతే వాళ్ళ దోసిలి నిండా ఇసుక పోసి, కళ్ళు మూసి, ఎక్కడెక్కడో తిప్పి పోయించి రావడం, తర్వాత ఆ చోటు వాళ్ళే వెతుక్కోవడం. మగపిల్లలు కబడ్డీ ఆడేవాళ్ళు. ఇసుకలో పడితే దెబ్బ తగలదు కాబట్టి మామూలుగా ఆడించుకోని చిన్నవాళ్ళను కూడా ఆ ఆటలో చేర్చుకునేవాళ్ళు. ఆడపిల్లలం లంగాలు పైకి దోపి మేము కూడా దిగేవాళ్ళం, ఎవరూ వద్దనలేదు. ఊళ్ళో వీధిలో ఆడితే వద్దనేవాళ్ళే నదిలో ఏమీ అనేవాళ్ళు కాదు. ఎందుకో గానీ, నదిలోకి దిగాక అమ్మమ్మకు కూడా అందరం ఒకటే.

ఈత గురించి ఇంకా చెప్పాలి. మాకు ఈత నేర్పింది మామే. దానికి సరంజామా ఎండిన సొరకాయ బుర్ర. పాదు మీదే బాగా ముదిరి, గట్టిపడి, లోపల గింజలు గలగలలాడే కాయను తెంపి ఆరబెట్టి, మామ ముందే చూసి పెట్టుకునేవాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పెద్ద బుర్ర. దాన్ని వీపు మీద పెట్టి, తువ్వాలును చంకల కింది నుంచి తెచ్చి ఛాతీ మీద ముడి వేసేవాడు. ముడి ఎప్పుడూ ముందుకే ఉండాలి, నీళ్ళలో ఊడుతుంటే పిల్లకు తెలియాలి. “కాళ్ళు కొట్టు బిడ్డా, బుర్ర నిన్ను మునగనియ్యదు” అంటూ తను నడుం లోతులో నిలబడేవాడు. ఆయన్ని దాటి ఎవరూ లోపలికి పోకూడదు, అది ఒక్కటే షరతు. కొన్నాళ్ళయ్యాక పెద్ద బుర్ర తీసి చిన్న బుర్ర కట్టేవాడు. అదీ అలవాటయ్యాక ఒకరోజు ఏ బుర్రా లేకుండా రమ్మనేవాడు.

ఆయన చేసే ఇంకో పని అప్పట్లో మాకు ఆటలాగే ఉండేది, పెద్దయ్యాక దాని విలువ తెలిసింది. రోజూ మమ్మల్ని దింపే ముందు పొడుగాటి వెదురుకర్రతో మడుగంతా పొడిచి చూసేవాడు. నది అడుగు ఏ యేడు వరదకు ఆ యేడు మారిపోతుంది. పోయిన సంవత్సరం మోకాలి లోతున్న చోట ఈ సంవత్సరం మనిషి మునిగే గుంత పడి ఉండవచ్చు. పై నుంచి చూస్తే నీళ్ళు ఒకేలా ఉంటాయి. నిన్న చూశాం కదా అని ఈ రోజు ఊరుకునేవాడు కాదు. గోదావరిలోనో ప్రాణహితలోనో సెలవులకు వచ్చిన పిల్లలు మునిగిపోయారన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ వెదురుకర్రే గుర్తొస్తుంది. నదికి పిల్లల్ని వెళ్ళొద్దనడం కంటే వాళ్ళతో పాటు నడుం లోతులో నిలబడే పెద్దమనిషి ఒకరు ఉండడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

మధ్యాహ్నాలు ఇంట్లోనే. వడగాలి కొడుతుంటే తలుపులు మూసి, నేల మీద నీళ్ళు చల్లి, అందర్నీ వరుసగా పడుకోబెట్టేవారు. నిద్ర ఎవరికి పడుతుంది! అమ్మమ్మ గురక మొదలవగానే లేచి వెనక వాకిట్లో చింతచెట్టు కిందికి చేరేవాళ్ళం. చింతగింజలతో ఓనగుంటలు, గచ్చు మీద సుద్దముక్కతో గీసి అష్టాచెమ్మా. ఎండ కాస్త తగ్గాక కోతికొమ్మచ్చి. ఊళ్ళోని మరాఠీ పిల్లలు కూడా వచ్చి కలిసేవారు. బడిలో విట్టీ-దాండూ, ఇంటి దగ్గర చిర్రగోనె, ఆట ఒక్కటే. గోలీలు మాత్రం నాకు రాలేదు.

ముంజల కాలం వచ్చిందంటే తిన్నవాటి కంటే మిగిలిన కాయల మీదే మా ధ్యాస. ముంజలు తీసేశాక ఖాళీ అయిన తాటికాయలు రెండు, సైజు ఒకేలా ఉన్నవి ఏరాలి. ఒక జానెడు గట్టి పుల్లను రెండు పక్కలా చెక్కి, ఆ కాయల నడిమికి గుచ్చితే ఇరుసు. పొడుగాటి పంగలకర్ర తెచ్చి, దాని పంగను ఇరుసు మీద ఆనించి ముందుకు తోయాలి. అంతే, బండి సిద్ధం. కాయలు పచ్చిగా ఉన్న మొదటి రోజు బరువుగా దొర్లుతుంది, రెండో రోజుకు కాస్త వాడి తేలికగా పరుగెత్తుతుంది, మూడో రోజుకు ఎండి పగిలిపోతుంది. అందుకే పందాలన్నీ రెండో రోజే. గుడి దగ్గర నుంచి రేవు దాకా బండ్లు తోసుకుంటూ పరుగులు.

మామిడికాయల సంగతి రాయకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. సిరోంచలో కలెక్టర్ మామిడి అని ఒక రకం ఉంది, కాయ పెద్దది, రెండు చేతులా పట్టుకోవాలి. 1860ల్లో ఇక్కడ అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి ఉండేది, దానికి సిరోంచే కేంద్రం. ఆ తెల్లదొరల కాలంలో కలెక్టరు నాటించిన చెట్ల నుంచి వచ్చిన రకమని మా పెద్దలు చెప్పేవారు. మాకు ఆ చరిత్ర పట్టేది కాదు. గాలిదుమారం లేచిందంటే తోటలోకి పరుగు. రాలినవి ఎవరు ఏరుకున్నా తోట మాలి ఏమీ అనేవాడు కాదు, చెట్టు మీద చెయ్యి వేస్తేనే కేకలు. కాయను ఉప్పూ కారంతో తినడమా, నిప్పుల్లో కాల్చి బెల్లం వేసి పిసికి పానకం చేయడమా అని మాలో మాకు తగువులు. ఆ పానకం వడదెబ్బకు మంచిదని అమ్మమ్మ ఎప్పుడూ రెండోదానికే ఓటు వేసేది.

మే మొదట్లో బీడీలు చుట్టే తునికాకు సీజన్. ఇళ్ళకు ఇళ్ళు తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదరకముందే ఆకుతో తిరిగొచ్చేవి. ఆకు కొయ్యడానికి పిల్లల్ని తీసుకుపోయేవారు కాదు గానీ, నీడలో కూర్చుని కట్టలు కట్టడంలో మా చేతులూ ఉండేవి. మా వైపు కట్టకు 70 ఆకులు, తెలంగాణ వైపు 50. చెన్నూరు పిల్లలు అలవాటు కొద్దీ 50 దగ్గర ఆగి నార చుట్టబోతుంటే మేము ఒక్కసారిగా “ఇంకా ఇరవై!” అని అరిచేవాళ్ళం. ఆకును ఆకు మీద పరుస్తూ, ఈనెలు ఒకే వైపుకు వచ్చేలా సర్దుతూ, నోటితో లెక్కపెట్టుకుంటూ పోతే పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు. కల్లంలో డబ్బులిచ్చిన రోజు మా వాటాగా చిల్లర దొరికేది. అది పాలైసుకే సరిపోయేది. ఐసు బండి అతను టింగుమని గంట కొడితే వీధిలో ఉన్న అన్ని ఆటలూ అక్కడికక్కడే ఆగిపోయేవి.

అడవి అంచున మొర్రిపండ్లు, తునికిపండ్లు ఏరడం ఇంకో సరదా. మొర్రిపండు నల్లగా, చిన్నగా, తియ్యగా ఉంటుంది. తిన్నాక గింజ పారేయకూడదు. ఎండబెట్టి రాయి మీద చిన్నగా కొడితే లోపల సారపప్పు. గట్టిగా కొడితే పప్పు పిండైపోతుంది, మెత్తగా కొడితే పగలదు. అమ్మమ్మ చేతికి ఆ దెబ్బ లెక్క తెలుసు. పోగు చేసిన పప్పుతో మిరుగు లోపు ఒక్కసారైనా పాయసం.

మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. మా దగ్గర ఆ రోజు చేపలు తినాల్సిందే. తిననివాళ్ళకు బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసి ఇస్తారు. ముందురోజు నుంచే మాకు పని. వేసవిలో పాయలు విడిపోయి అక్కడక్కడా చిన్న చిన్న మడుగులు మిగిలిపోతాయి, వాటిలో చిన్న చేపలు చిక్కుకుంటాయి. అమ్మ పాత చీరను ఇద్దరు రెండు కొసలా పట్టుకుని అడుగంటా లాగుతుంటే, మిగతా అందరం ఎదురు నుంచి నీళ్ళు తన్నుకుంటూ చేపల్ని చీరలోకి తోలేవాళ్ళం. చీర పైకి లేపేసరికి వెండి తళుకులు ఎగిరిపడేవి. మేము పట్టినవి పులుసుకు చాలవని బాపు విడిగా కొనుక్కొచ్చేవాడు, అయినా మా చేపలు కూడా అదే గిన్నెలో వేయాలని పట్టుబట్టేవాళ్ళం.

మిరుగు చేపలు తిన్న ఒకటి రెండు రోజులకే మామ వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవాడు, వాళ్ళకు బడి తెరుస్తారు కాబట్టి. మాకింకా పది పదిహేను రోజుల సెలవులు. ఆ రోజుల్లో మేము వెతికేది ఆరుద్ర పురుగుల్ని. తొలకరి పడ్డాక తడి నేల మీద ఎర్రటి మఖమల్ బొట్లు నడిచినట్టు కనబడేవి. వాటిని అరచేతిలో నడిపించి, అగ్గిపెట్టెలో గడ్డి వేసి ఒక పూట ఉంచుకుని, తిరిగి తెచ్చిన చోటే వదిలేసేవాళ్ళం.

గట్టు వెంట రంగు రాళ్ళు కూడా ఏరేవాళ్ళం. చేపపొలుసుల్లాంటి గీతలున్న రాయి దొరికితే దానికోసం పెద్ద బేరాలు నడిచేవి. మా తాలూకాలోని కోట అనే ఊరి పేరుమీద భూగర్భ శాస్త్రంలో కోట శిలలు అని ఉన్నాయనీ, వాటిలో జురాసిక్ కాలపు చేపల శిలాజాలు దొరికాయనీ నాకు కాలేజీకి వెళ్ళాక తెలిసింది. ఈ ప్రాణహిత, గోదావరి లోయలోనే దొరికిన బారపాసారస్ అనే భారీ డైనోసార్ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉంది. మా తాలూకాలోనే వడధామ్ అనే ఊళ్ళో శిలాజాల పార్కు ఉంది. సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని ఆలోచించే మా చుట్టుపక్కల తల్లిదండ్రులు ముందు అక్కడికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు ప్రాణహిత మీదా, గోదావరి మీదా వంతెనలున్నాయి. చెన్నూరు వెళ్ళడం పెద్ద ప్రయాణమే కాదు. ఎదురుగా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలను చూసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. ఒకప్పుడు ఆపదొస్తే పడవ కోసం గట్టు మీద ఎంతసేపు చూడాలో తెలిసినవాళ్ళం కాబట్టి, వంతెనలు వచ్చినందుకు మాకు నిజంగా సంతోషమే. 2019 జూన్‌లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక నీళ్ళు వెనక్కి నిలిచి, మేము ఆడిన ఇసుక చాలా వరకు మునిగింది. గట్టు పొలాల రైతులకు జరిగిన నష్టం అంతకంటే పెద్దది. 2023 అక్టోబర్‌లో బ్యారేజీ పిల్లర్లు కుంగి, నీళ్ళు వదిలేశాక ఇసుక మళ్ళీ బయటపడింది.

పోయిన వేసవిలో చెల్లెలు పిల్లల్ని తీసుకుని పుణె నుంచి వచ్చింది. మేమంతా ఒక పొద్దున్నే రేవుకు వెళ్ళాం. పెద్దదానికి పదేళ్ళు. చెలిమె ఎలా తవ్వాలో చెప్పాను, చేసి చూపించలేదు. పాయకు మరీ దగ్గరగా తవ్వింది, మట్టినీళ్ళు వచ్చాయి. తనే లేచి నాలుగడుగులు వెనక్కి జరిగి ఇంకోటి మొదలుపెట్టింది. పక్కలు జారిపోతుంటే తమ్ముణ్ణి పిలిచి అటువైపు పట్టుకోమంది. వాళ్ళ చేతులకు నీరు తగలగానే వేసిన కేకకు అవతల బట్టలు ఉతుకుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. తాగొచ్చా అని అడిగితే, ఇప్పటి నది నీళ్ళ మీద నాకు అప్పటి ధీమా లేదు కాబట్టి వద్దన్నాను. ముఖాలు కడుక్కుని, అందులో కాగితం పడవ వదిలి, ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నారు.

ఇంటికి వచ్చే దారిలో ఈత ఎప్పుడు నేర్పుతావు పెద్దమ్మా అని ఇద్దరూ ఒకటే పోరు. మామ ఇప్పుడు లేడు. ఆయన దగ్గర నేర్చుకున్న మా చిన్న బావ ఉన్నాడు, వెదురుకర్ర పట్టుకుని నడుం లోతులో నిలబడే పని తనదన్నాడు. బుర్రకు కాయ ముదరాలి, దానికి నెలలు పడుతుంది. అందుకని ఈసారి వానలు పడగానే మా పెరట్లో పందిరి కింద సొరపాదు పెట్టాను. దానికి కాసినవాటిలో పైన ఉన్న రెండు పెద్ద కాయల్ని కూరకు కోయవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.